గుమ్మం కింద తెల్లని పిండి

రాయపూర్ నగరంలోని శంకర్ నగర్‌లో వేసవి ముదిరే వేళకు కొన్ని ఇళ్ళలో ఒక వింత కానవస్తుంది. ఉదయం ఊడ్చిన గుమ్మం కింద సాయంత్రానికి గోధుమపిండి జల్లినట్లు మెత్తని పొడి రాలి ఉంటుంది. ద్వారబంధం మీద గుండుసూది తలంత రంధ్రాలు! ఇంటి యజమాని చెదలని హడలిపోతాడు. చెదకు మట్టి కావాలి. ఈ పెంకు పురుగుకు మట్టితో పనిలేదు. హిందీ వారు దీనిని ఘున్ అంటారు. మనవారు చెక్క పుచ్చిందని ఊరుకుంటారు.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ అవతరించి రాయపూర్ రాజధాని అయినది మొదలు ఇక్కడ ఇళ్ళ నిర్మాణం జోరందుకున్నది. తొందర పనిలో చేవ దేలిన కలపతో పాటు తెల్లచెక్క కూడా చట్రాలలోకి చేరుతుంది. చిక్కంతా అక్కడే. చెట్టు తన ఆహారాన్ని పిండిపదార్థంగా ఆ తెల్లచెక్కలోనే దాచుకుంటుంది. తల్లి పురుగు చెక్కను కొరికి, పిండి ఉన్నదని రూఢి చేసుకొని, దాని సన్నని నాళాలలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు నెలల తరబడి లోలోపలే తొలుచుకుంటూ పెరుగుతుంది. రంధ్రం అది బయటికి వచ్చిన దారి. కన్నం కనబడేసరికి దొంగ ఇల్లు దాటినట్లే. టేకు అయినంత మాత్రాన అభయం లేదు. దాని చేవకే ఆ బలం, తెల్లచెక్కకు కాదు.

ఈ రాష్ట్రవృక్షమైన సాలవృక్షానికి వేరొక శత్రువున్నది. 1990ల చివరిలో మండ్లా, అమర్‌కంటక్ అడవులను గడగడలాడించిన సాల తొలుచు పురుగు అది. తొలివానలతో బయటపడి, నరికిన మాను రసం వాసనకు పరుగున వస్తుంది. అటవీ సిబ్బంది కొన్ని మానులు నరికి, బెరడు నలగగొట్టి, ఆ రసానికి మూగిన పురుగులను ఏరిస్తారు. కానీ దానికి పచ్చి బెరడు కావాలి. ఎండిన ద్వారబంధం జోలికి రాదు.

వెదురుకూ పిండే ముప్పు. అమావాస్య ముందు నరకాలన్న నమ్మకం మాటెలా ఉన్నా, నరికిన బొంగులను వారాల తరబడి నీట నానవేయడంలో మాత్రం నిజమున్నది, పిండి కరిగిపోతుంది.

ద్వారబంధం పెకలించే ముందు ఒక పరీక్ష చాలు. పొడి తుడిచి, కింద నల్లకాగితం పరచి, వానలు వెలిసేదాకా చూడాలి. మళ్ళీ మళ్ళీ పిండి రాలితే లోపల ప్రాణమున్నది. అప్పుడు పాలిష్ గీకివేసి బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీరు పట్టించాలి. మరీ గుల్లబారిన ముక్కను తీసి చేవ ముక్క అతికించాలి. కాగితం నల్లగానే మిగిలితే వడ్రంగికి కబురు చేయనక్కరలేదు.