గట్టు మీద లెక్క

2025 ఫిబ్రవరి ఆఖర్న చెరువు ఎండగట్టాం. ఆయిలింజను రెండు రోజులు ఆగకుండా తిరిగింది. నీళ్లు మోకాలి లోతుకి దిగాక వల లాగాం. తరవాత బురదలో దిగి చేతుల్తో తడిమి పట్టాం. అన్నీ కలిపి 1,140 పండుగప్పలు. కిందటేడు మార్చిలో మేం వదిలిన పిల్ల 4 వేలు.

మా పేట చర్చి పక్కన వేపచెట్టు కింద కూచుని లెక్క చూసుకున్నాం. లీజు, పిల్ల, మేత, డీజిలు, అప్పు మీద వడ్డీ అన్నీ పోను ఇంటికి 2,800 రూపాయలు మిగిలింది. ఏడిళ్లవాళ్లం ఏడాది పాటు వంతులేసుకుని రాత్రులు కాపలా కాసినందుకు ఇది. "నెల్రోజులు కూలికి పోయినా ఇంతకన్నా ఎక్కువొచ్చేది గదరా" అన్నాడు మా చిన్నాన్న. ఎవరూ కాదనలేదు. అయినా మళ్లీ వేద్దామా వొద్దా అంటే ఏడుగురూ వేద్దామనే అన్నారు. ఎందుకన్నారో చెప్పాలంటే చేపల కంటే ముందు చెరువుల సంగతి చెప్పాలి.

మాది దివిసీమ, నాగాయలంక వైపు. 1977 నవంబరు 19 వుప్పెనలో మా నాన్న తాటిచెట్టు పట్టుకుని బతికాడు. వూరు మెరక మీద, మా పల్లె పల్లంలో వుండేది. నీళ్లు ముందు ఎవరి గుమ్మంలోకి వొచ్చాయో చెప్పక్కర్లేదు. ఆ తరవాత కొన్నేళ్లకి పొలాలు చెరువులవడం మొదలైంది. 1990ల్లో రొయ్య వొచ్చాక ఆ జోరు పెరిగింది. మా వాళ్లకి నాట్లు పోయినై, కోతలు పోయినై. మిగిలింది చెరువు తవ్వే పని, తవ్వాక కాపలా పని. మా నాన్న పలుగూ పారా పట్టి తవ్విన చెరువులు ఇప్పటికీ వరసగా చూపించగలను. ఒక్కదాన్లోనూ మేం గాలం వెయ్యడానికి లేదు.

వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు గుంటల్లో మిగిలిన నీళ్లు మావి. వూత పట్టుకుని మట్టగిడసలు, జెల్లలు పట్టేవాళ్లం. జెల్ల ముల్లు గుచ్చుకుంటే మోచేతి దాకా సలుపు. పదకొండేళ్లప్పుడు ఒకసారి బుద్ధి గడ్డితిని ఆసామి చెరువులో గాలం వేశాను. చెంప పగిలేట్టు కొట్టాడు కాపలా మనిషి. ఆయన మా మేనమామే. గట్టు మీద ఆసామి నిలబడి చూస్తున్నాడు మరి. ఆ రాత్రి మామయ్య మా ఇంటికొచ్చి అరుగు మీద కూచుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అమ్మ అన్నం పెడితే తినకుండానే లేచిపోయాడు.

1927లో మహాడ్ చెరువు నీళ్లు దోసిట పట్టి బాబాసాహెబ్ తాగింది ఎందుకో మన విద్యార్థులందరికీ తెలుసు. 1985లో కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే అనీ తెలుసు. నీళ్లు తాగే హక్కు గురించి మనం మాట్లాడాం, ప్రాణాలు పోగొట్టుకున్నాం. నీళ్లలో పెరిగేదాని మీద హక్కు గురించి అంతగా మాట్లాడలేదనిపిస్తుంది నాకు. కొల్లేరులో 1970ల్లో ప్రభుత్వం మత్స్యకారులకీ ఎస్సీలకీ సొసైటీలు పెట్టి చెరువులిచ్చింది. కాగితం మనవాళ్ల పేరున వుండింది. పెట్టుబడి లేక చాలా చెరువులు డబ్బున్న వాళ్ల చేతుల్లోకి లీజుకి పోయినై. తన పేరున వున్న చెరువు గట్టు మీద తనే కూలికి నిలబడ్డవాళ్లున్నారు. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2006లో చెరువులు కొట్టేశారు. లీజుకి తీసుకున్నవాడు ఇంకో చోట చెరువు తవ్వుకున్నాడు. సొసైటీవాడికి చెరువూ పోయింది, కూలీ పోయింది.

అందుకని, రెండెకరాల చెరువు మా పేర్ల మీద లీజుకి దొరికినప్పుడు మాకది మామూలు సంగతి కాదు. అది మురుగు కాలవ పక్కన పల్లపు చెరువు. రొయ్యకి తెగులొచ్చి రెండు పంటలు పోయాక మరెవరూ పట్టుకోలేదు గనక మాకిచ్చారు. ఏడిళ్లం కలిశాం. అయిదు మాలిళ్లు, రెండు మాదిగిళ్లు. నేను వుండేది బెజవాడ సింగునగర్లో, ప్రెస్సులో పని. ఆదివారాలు వొచ్చి లెక్కలు రాసేవాణ్ణి.

పండుగప్ప ఎందుకంటే ఉప్పునీళ్లూ మంచినీళ్లూ రెండూ ఓర్చుకుంటుంది. మా కాలవలో పోటుకి ఉప్పు ఎక్కుతుంది, వానలకి తీపవుతుంది. పైగా ధర వుంది. నాన్న రోజుల్లో పోటుతో మొగలోంచి కాలవల్లోకొచ్చే పిల్లనే పట్టి వదిలేవాళ్లు. గుడ్డు పెట్టాలంటే దానికి ఉప్పునీరు కావాలి. మన దేశంలో దీన్ని హేచరీలో పుట్టించింది 1997లో, మద్రాసు దగ్గర కేంద్ర సంస్థవాళ్లు. మేం తమిళనాడు హేచరీ నుంచి ఆక్సిజన్ కవర్లలో తెప్పించాం, అంగుళంన్నర పిల్ల.

ఈ చేపతో చిక్కేమిటంటే తన పొడవులో సగానికి మించిన తోటి చేపని కూడా మింగేస్తుంది. అందుకే సైజుల వారీగా ఏరి వేరుచేస్తూ వుండాలి. చిన్నప్పుడు వారానికోసారి, తరవాత పదిహేను రోజులకో నెలకో. గ్రేడింగు అంటారు. పెద్ద చేప చిన్న చేపని మింగడమే లోకం తీరనీ, అందుకే రాజు చేతిలో కర్ర వుండాలనీ శాస్త్రాలు రాసినవాళ్లు మత్స్యన్యాయం అని పేరు పెట్టారు. వాళ్లలో ఎవరూ చెరువు గట్టు మీద మేత చల్లి వుండరు. మా అమ్మ జూన్లో ఒకరోజు గట్టు మీద నిలబడి చూసి, "ఒరే అబ్బాయ్, ఒకే మూల మేతేస్తే బలవున్నయ్యే తింటయ్ గదరా. అవతల మూల వాటి సంగతేంది?" అంది. మేం తూము దగ్గర మూలే తేలిగ్గా వుంటుందని అక్కడే వేస్తున్నాం. చేప పుట్టినప్పుడు అన్నీ ఒకటే సైజు. మేం వేసిన తీరుకే జూన్ నాటికి కొన్ని జానెడు, కొన్ని బెత్తెడు. అమ్మ మాట విన్నాం, అర్థమైందనుకున్నాం. మూల మాత్రం మార్చలేదు. తవుడు, చెక్క వేసే చేపలతో పనిచేసినవాళ్లం, ఈ చేపకి చైనా గురక ముక్కలు కొట్టి వెయ్యడమే మాకు కొత్త. ఆ సాకు చాలింది మాకు.

ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. ఎస్సీల్లో వర్గీకరణ చెయ్యొచ్చని ఏడుగురు జడ్జీల బెంచి చెప్పింది. 2004లో ఇదే కోర్టు కాదన్నదాన్ని ఇప్పుడు అవునంది. ఆ ఆదివారం నేను గట్టు మీదికి పోయేసరికి మాదిగపల్లె అన్న వల బాగుచేసుకుంటున్నాడు.

"తీర్పు చూశావా తమ్ముడూ?"

"చూశా. మనల్ని విడదియ్యడానికే ఇదంతా" అన్నాను.

ఆయన నవ్వాడు. "చేపల్ని సైజు చూసి విడదియ్యాలని పుస్తకం తెచ్చి చదివింది నువ్వే గదా. మీ అమ్మేమంది? ఒకే మూల మేతేసి అందరికీ వేశామంటే ఎట్లా అంది."

మనుషులూ చేపలూ ఒకటేనా అని లేచాను. అక్కడితో ఆగితే బాగుండేది. తరవాత నేనన్న మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా వుంది. అది వూళ్లోవాడు మమ్మల్ని అనే మాట. నా నోట్లో అంత దగ్గర్లో వుందని నాకే తెలియదు. మర్నాటినుంచి ఆ రెండిళ్లవాళ్లూ చెరువు దగ్గరికి రాలేదు. గ్రేడింగు పడాల్సింది ఆ వారమే. వల లాగడానికి, తొట్లలోకి ఎత్తడానికి, ఏరడానికి పన్నెండు చేతులన్నా కావాలి. వాయిదా వేశాం. మళ్లీ వేశాం. ఆగస్టు అయిపోయింది.

సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు సింగునగర్ మీదికొచ్చింది. నాలుగు రోజులు మేడ మీద వున్నాం. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వదిలారని ఎవరిదో రేడియోలో విన్నాను. బ్యారేజీ కట్టాక అంత వరద లేదు. ఫోన్లో చార్జింగు లేదు. ఆ నీళ్లన్నీ మా దివిసీమకే పోతాయి. కింద నీళ్లు చూస్తూ నేను చెరువు గురించి ఆలోచిస్తున్నానంటే మా ఆవిడకి కోపం వొచ్చింది.

అక్కడ జరిగింది తరవాత తెలిసింది. ఏరు నిండి వుంది గనక మురుగు కాలవ నీళ్లు దిగక వెనక్కి తన్నాయి. ఒక రాత్రీ సగం పగలూ మా గట్టు మీద జానెడు నీళ్లు పారాయి. ఆ రాత్రి వెదురుగెడలు పాతి గట్టు చుట్టూ వల కట్టడానికి ముందు దిగింది ఆ అన్నా, ఆయన కొడుకూ. ఎవరూ పిలవలేదు. ఆయనొచ్చాడని తెలిశాకే మావాళ్లు కదిలారట.

చేప పోయింది వరదకే అని చెప్పుకోవడం తేలిక. పేపర్లో పడ్డ వరద, అందరూ నమ్ముతారు. కానీ వరద తగ్గాక చచ్చి తేలిన పెద్ద చేప ఒకదాన్ని అమ్మ కోసింది. దాని కడుపులో మూడు పిల్లలు, అరగనివి. ఏటికి ఎన్ని పోయినై, కడుపుల్లోకి ఎన్ని పోయినై నేను చెప్పలేను. వల కట్టిన గట్టు మీంచి మూడొంతులు పోవడం మాత్రం జరగదు.

అమ్మకం దగ్గర పోయింది వేరే. కొనేవాడి కాటా, కొనేవాడి ట్రేలు. క్వింటాలుకి 5 కిలోలు తరుగు. వూళ్లో చెరువులకి కూడా తరుగు వుంది, 2 కిలోలు. ఎందుకయ్యా తేడా అంటే "పేటోళ్ల సరుకు గదా, ఐసు సరిగా పడదు" అన్నాడు. ఐసు వేసింది వాళ్ల మనుషులే. ఇది చెప్పకపోతే తప్పు. కానీ మనవాళ్ల మీటింగుల్లో నేను ఒకటి చూశాను. పోయిన ప్రతి రూపాయినీ కులం ఖాతాలో రాసేస్తాం. మా పెద్దవాళ్లేమో అంతా దేవుడి ఖాతాలో రాస్తారు. రెండు పద్ధతుల్లోనూ వచ్చే ఏడాది చెయ్యాల్సిన పని ఏదీ కనపడదు. క్వింటాలుకి మూడు కిలోల ఎక్కువ తరుగు కులానిది. మూల మార్చకపోవడం మాది. గ్రేడింగు ఆగడం నాది.

వేపచెట్టు కింద ఇంకో లెక్క కూడా తేలింది. కాపలా పుస్తకం నేనే రాశాను, నేనే కూడాను. ఏడిళ్లలో రెండిళ్లంటే ఏడు రాత్రులకి రెండు వాళ్ల వంతు. పుస్తకంలో సగటున మూడు రాత్రులు వాళ్లవే వున్నాయి. పండగలకీ పెళ్లిళ్లకీ మావాళ్లు "అన్నా, ఈ రాత్రి నువ్వు చూడు" అన్నప్పుడల్లా చూశారు. తిరిగి తీర్చిన రాత్రులు తక్కువ. నేను ఆ అంకె పైకి చదివాను. మా చిన్నాన్న పుస్తకం లాక్కుని తనే కూడి చూశాడు. అదే వొచ్చింది. అన్న మాత్రం "ఇప్పుడెందుకులే తమ్ముడూ" అన్నాడు. నేను ఆగస్టులో అన్న మాటకి అందరి ముందూ క్షమాపణ అడిగాను. ఆయన ఏమీ అనలేదు. వర్గీకరణ మీద నా సందేహాలు కొన్ని ఇంకా వున్నాయి. అవి ఆయనతోనే మాట్లాడాలి, గట్టు మీద.

వచ్చే పంట సంగతి. పిల్లని నేరుగా చెరువులో వదలం. ముందు హాపాలు కట్టి, సన్నకన్ను వల సంచుల్లో, మూడు నాలుగు అంగుళాలు అయ్యేదాకా పెంచి, వారంవారం ఏరి అప్పుడు వదులుతాం. 4 వేలు కాదు, 2,500 చాలు. మేత నాలుగు మూలలా ఒకే సమయానికి. నలుగురు మనుషులు కావాలి, కూలి ఎక్కువవుతుంది, కానీ మింగుడు తగ్గుతుంది. పక్కనున్న గుంటలో చైనా గురక మేమే పెంచుకుంటే మేత ఖర్చు సగం కలిసొస్తుంది. ఆగస్టు కల్లా గట్టు మీద రెండడుగుల మట్టి, చుట్టూ వల. అరకిలో దాటినవాటిని వరదల ముందే పట్టి అమ్మేస్తాం. ధర తక్కువే, అయినా చెరువులో వున్న చేప కంటే అమ్మిన చేప నయం. కాపలాకి వంతుల పట్టీ గోడ మీద రాస్తాం, నా పుస్తకంలో కాదు.

లీజు కాగితంలో ఏడు పేర్లూ మగవాళ్లవే. మేత కొట్టింది, చేప ఏరింది ఆడవాళ్లు. పద్నాలుగు పేర్లు రాయాలని మా ఆవిడ పట్టుబట్టింది. పండుగప్ప పుట్టినప్పుడు మగది, పెరిగాక ఆడదవుతుందని పుస్తకంలో చదివి చెప్పాను. "చేపకున్న బుద్ధి మీకెప్పుడొస్తుందో" అంది. పద్నాలుగు పేర్లకి అందరూ ఒప్పుకున్నారు, ఇద్దరు గొణుక్కుంటూ.

తేలనిది లీజే. ఆసామి కొడుకు ఎకరానికి పదివేలు పెంచమంటున్నాడు. మళ్లీ పదకొండు నెలలకే రాస్తానంటున్నాడు. గట్టు మేం పెంచితే వచ్చే ఏడు ఇంకొకడికి ఇవ్వడని ఏముంది? మూడేళ్లకి రిజిస్టరు కాగితం కావాలని అడిగాం. ఆలోచించి చెప్తానన్నాడు. చెప్పేదాకా మట్టి తోలకూడదనుకున్నాం. చెరువు ఎండుతోంది, అడుగు నెర్రెలు విచ్చుతోంది. అది మంచిదే, తెగులు చస్తుంది.

ఈలోగా కాటా కొనాలి, తూనికల శాఖ ముద్ర వున్నది. ఈ ఆదివారం అన్న మొదటి బస్సుకి బెజవాడ వస్తానన్నాడు. అయిదు కిలోల బియ్యం సంచి ఒకటి వెంట తెస్తాడట, కొట్టువాడి ముందే తూచి చూడటానికి.