మునుగుటకు ముందు

ఇల్లాలికి సముద్రగర్భముతో నేమి పని యని కొందఱు సోదరీమణులు అడుగవచ్చును. కొరియా దేశమునకు చెందిన జేజు ద్వీపమున హెన్యో లనబడు స్త్రీలు తరతరములుగా ఊపిరి బిగబట్టి సముద్రమున మునిగి, గుల్లలను నాచును తెచ్చి సంసారములు నడుపుచున్నారు. వారి సంప్రదాయమును 2016లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చినది. నాది అంతటి విద్య కాదు. వీపున గాలిసీసా కట్టుకొని మునుగు స్కూబా మాత్రమే. అయినను దానికి చేయవలసిన సన్నాహము మన వంటింటి లెక్కలకు మిక్కిలి దగ్గఱగా నుండుటచేత మీతో ముచ్చటింప దలచితిని.

మావారు అండమానులలో ఉపాధ్యాయులు. ఇచ్చటికి వచ్చిన పిదప నేనును, సెలవులకు విశాఖపట్టణమునుండి వచ్చుచుండు మా ఆడపడుచును ఈ విద్యను అభ్యసించితిమి. మొదటి తరగతి ముగించినవారు 18 మీటర్ల లోతువఱకును, రెండవది ముగించినవారు 30 మీటర్లవఱకును పోవచ్చును. మేము రెండవది ముగించిన వెంటనే, స్వరాజ్ ద్వీపమునకు దాపున నున్న డిక్సన్స్ పినకిల్ అను చోట మునుగవలెనని ఆమెకు కోరిక పుట్టినది. (2018 వఱకు ఆ ద్వీపమును హేవ్‌లాక్ అనెడివారు.) అచ్చట ఇసుకనేలనుండి శిలాశిఖరములు లేచియున్నవి, వాని కొనలే సుమారు 18 మీటర్ల లోతున నున్నవి. అది క్రొత్తవారికి తగదు. మాబోటి నడిమితరగతివారికి తగును.

నేను కాగితము కలము తీయగా ఆమె నవ్వి, "వదినా, చేపలను చూచుటకు ఇంత లెక్క యెందులకు?" అనెను.

"అభిమన్యునికి పద్మవ్యూహము చొచ్చుట తెలియును గాని వెడలుట తెలియదు. మనము వెడలుటనుండియే మొదలుపెట్టుదము" అంటిని.

సముద్రమున ప్రతి 10 మీటర్లకును ఒక వాతావరణముపాటి ఒత్తిడి హెచ్చును. 25 మీటర్ల లోతున అది ఒడ్డున నున్నదానికి మూడున్నర రెట్లు. కావున అచ్చట పీల్చు ఒక్కొక్క ఊపిరికి మూడున్నర ఊపిరుల గాలి వ్యయమగును. నాకు ఒడ్డున నిమిషమునకు 18 లీటర్లు పట్టును, ఆమెకు 14. లోతున నాకు 63 లీటర్లు, ఆమెకు 49. మా సీసా 11 లీటర్లది. 200 బార్ల ఒత్తిడితో నింపిన 2200 లీటర్ల గాలి యందు ఇముడును.

ఇందులో ఎంత మనది? ఎసటిలో బియ్యము పోయునపుడు అతిథికై పిడికెడు ముందుగా తీసియుంచు ఇల్లాండ్రు కలరు. ఇచ్చటను అట్లే. ఒకరి గాలి అడుగున ఆగిపోయినచో ఇద్దఱును ఒకే సీసాతో పైకి రావలెను. కంగారులో ఇద్దఱికిని కలిపి నిమిషమునకు 60 లీటర్లని ఎంచితిని. అడుగున సర్దుకొనుటకు 1 నిమిషము, నిమిషమునకు 9 మీటర్లు మించక పైకి వచ్చుటకు 3 నిమిషములు, 5 మీటర్లకడ నిలుచుటకు 3 నిమిషములు. లోతును బట్టి లెక్కింపగా 885 లీటర్లు తేలినది. అనగా సుమారు 80 బార్లు. ఆ గాలి నాది కాదు, నా తోడిదానిది. కావున ఎవరి ముల్లు ముందుగా 100 చూపినను ఇద్దఱమును మరలవలెనని వ్రాసితిని. మిగిలిన 1100 లీటర్లు నాకు 17 నిమిషములు వచ్చును. 15 అని వేసితిని.

మరియొక హద్దు కలదు. లోతున గాలిలోని నత్రజని రక్తమున కరగును. ఎక్కువసేపుండి త్వరపడి పైకి వచ్చినచో బుడగలై కీళ్లను, ఒక్కొక్కప్పుడు వెన్నుపామును చెఱచును. హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును మేకలపై పరీక్షించి 1908లో దీనికి పట్టికలు ప్రకటించిరి. ఇప్పుడు వాడుకలో నున్న ఒక పట్టిక 25 మీటర్లకు మొదటిసారి 29 నిమిషములిచ్చుచున్నది. మా 15 అందులో సుఖముగా ఇమిడినది. మునిగిన పిదప విమానమెక్కుటకు 18 గంటలైన గడువు విడువవలెను. ఆడపడుచు విమానము ఆ మరునాడే. కావున మాకు దొరకినది ఒక్క ప్రొద్దు మాత్రమే.

ఆమె తన వంతు లెక్కించుకొని 22 నిమిషములని వ్రాసికొనెను. ఎక్కువ పీల్చువారి గడువే ఇద్దఱి గడువని గైడు చెప్పినాడు. ఆమె ఏమియు అనక, 22 అను అంకెను కొట్టివేసి 15 అని దిద్దెను.

తరువాత పంచాంగము తెఱచితిని. అమావాస్యా పూర్ణిమలకు పోటుపాటులు పెద్దవి, నీటివడియు హెచ్చు. అష్టమి ప్రాంతమున తగ్గును. ఆమె సెలవు పూర్ణిమనాడు పడినది. పోటునకును పాటునకును నడుమ నీరు నిలుకడగా నుండు వేళను ఎంచుకొంటిమి. గైడు ఇంకొక నియమమును చెప్పెను: ఎవరైనను, ఎప్పుడైనను, "నేను మునుగను" అనవచ్చును, కారణమడుగ కూడదు. నీటిలో నున్నచో బొటనవ్రేలు పైకి చూపిన చాలును. అచ్చట దానికి బాగున్నదని గాక పైకి పోవుదమని అర్థము. లంగరు త్రాటికి కట్టిన బుడ్డి నీటివడికి మునిగిపోవుచున్నచో దిగరాదని మేమును కాగితము చివర చేర్చితిమి.

ఆ ఉదయము బోటు చేరునప్పటికి బుడ్డి మునుగుచు తేలుచు నుండెను. గైడు నీటిని చూచి, త్రాడు విడువక దిగినచో సాధ్యమేనని, నిర్ణయము మాదేనని అనెను. ఆడపడుచు అప్పటికే సీసా తగిలించుకొనియుండెను. బోటుకు చెల్లించిన సొమ్ము, ఆమె సెలవు, మరల ఎప్పటికో రాక, ఇవి యన్నియు నా కన్నులయెదుట నిలిచినవి. "నేను దిగను" అంటిని. బోటులోని ఒకరు, "భయమా అమ్మా?" అని అడుగగా గైడు, "అది అడుగకూడదండీ" అని బోటును మరలించెను.

తీరమునకు దగ్గఱగా, గాలి చాటున, 12 మీటర్ల లోతున పగడపు దిబ్బను చూచితిమి. చిలుకచేపలు పగడమును కొఱుకు చప్పుడు చెవులకు స్పష్టముగా వినబడెను. తిరుగు ప్రయాణమున ఆడపడుచు చాలసేపు పలుకలేదు. పిదప, "వదినా, నాకింకను దిగియుండవలసిన దనియే యున్నది. కాని నీ మాటకు కారణమడుగను" అనెను. ఆమె నన్ను సమర్థించియున్నచో నాకింత ఊరట కలిగెడిది కాదు.

మన ఇండ్లలో స్త్రీ "వద్దు" అన్నచో దానికి జ్వరమో, పిల్లల పరీక్షలో, చుట్టముల రాకయో సాక్ష్యము చూపవలెను. ఆ మాటకు కారణ మడుగకూడదని మనస్సు నెమ్మదిగా నున్నప్పుడే ఇద్దఱును ఒప్పుకొని యుండుట నేను మొదటిసారి ఈ విద్యలోనే చూచితిని. నేర్వదలచిన సోదరీమణులు ముందుగా ఈత నేర్వవలెను; వైద్యపరీక్ష చేయించుకొనవలెను; అర్హత గల గురువుకడనే అభ్యసింపవలెను. తోడుగా దిగువారు మీ "వద్దు"ను మాఱు మాటలేక మన్నింతురో లేదో ఒడ్డుననే తెలిసికొనుడు. మా కాగితము పంచాంగములోనే యున్నది. ఆమె మరల వచ్చునాటికి అష్టమి కలిసివచ్చినచో మొదటి గీటునుండి మరల లెక్కింతుము.