అంకె నిజమే, తీర్పు అబద్ధం



ఓట్లు ఒక్క రోజులో అయిపోతాయి. ఓట్ల మీద ఎగతాళి మాత్రం ఏళ్ల తరబడి నడుస్తుంది. 2024 జూన్ 4న ఫలితాలు వచ్చిన సాయంత్రం మొదలైన మీమ్స్ మన గ్రూపుల్లో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఒక నాయకుడి ముఖం, పక్కన ఒక అంకె, కింద ఒక వెటకారపు మాట. నవ్వొస్తుంది, వేలు ఫార్వర్డ్ మీదికి పోతుంది. మేము ఈ వారం ఏ పార్టీ తరఫునా రాయడం లేదు. ఆ బొమ్మలో అంకెకూ దాని కింది మాటకూ మధ్య ఉన్న సందు గురించి రాస్తున్నాము. ఎందుకంటే ఆ సందులో మన వాళ్లే పడుతున్నారు.

మీరందరూ చూసిన బొమ్మనే తీసుకుందాం. 151లో మధ్యనున్న 5 ఎగిరిపోయింది, 11 మిగిలింది. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చిన సీట్లు 151, 2024లో వచ్చినవి 11. అంకెలు నిజమే. అంతకుముందు 2019లో తెలుగుదేశానికి 23 వచ్చినప్పుడు ఎగతాళి అటువైపు నడిచింది. వైఎస్సార్ కాంగ్రెస్ నుండి 23 మంది ఎమ్మెల్యేలను తీసుకున్నారు, 23 సీట్లే మిగిలాయి, ఫలితం వచ్చింది కూడా మే 23నే. ఇది దేవుడు రాసిన స్క్రిప్టు అని జగన్మోహన్ రెడ్డి గారు అప్పట్లో అన్నారు. ఐదేళ్ల తర్వాత అదే మాటను ఆయన మీదికే తిప్పి మీమ్స్ చేశారు.

దేవుని పేరు వచ్చింది గనుక మనం ఇక్కడ ఆగాలి. సీట్ల లెక్కే దేవుని తీర్పైతే, 23 ఆయన తీర్పే, 11 కూడా ఆయన తీర్పే. అప్పుడు ఏ పక్షమూ రెండో పక్షాన్ని చూసి నవ్వడానికి లేదు. కానీ మనం వింటున్నదేమిటి? గెలిస్తే దేవుని స్క్రిప్టు, ఓడితే ఈవీఎంల మాయ. రెండు వైపులా ఇదే పాట. లూకా 13లో ప్రభువు ముందుకూ ఇలాంటి లెక్కే వచ్చింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు మిగతా యెరూషలేము వారికంటే ఎక్కువ పాపులా అని ఆయనే అడిగి, కాదని ఆయనే చెప్పాడు. పద్దెనిమిది అనే అంకెను ఆయన కాదనలేదు. దాని కింద జనం రాసుకున్న తీర్పును కొట్టివేశాడు. కూలిన వారి వైపు చూపించే వేలును చూస్తున్న వారి వైపే తిప్పి, మారుమనస్సు పొందమన్నాడు.

ఇంకొక తప్పు లెక్క ఉంది. 11 అనగానే ఆ పార్టీకి మనుషులే లేరనిపిస్తుంది. 2019లో 23 అన్నప్పుడూ అలాగే అనిపించింది. అయితే ఓట్లు చూడండి. 2019లో 23 సీట్లు వచ్చిన పార్టీకి పోలైన ఓట్లలో నూటికి సుమారు 39 వచ్చాయి. 2024లో 11 సీట్లు వచ్చిన పార్టీకి కూడా సుమారు 39 వచ్చాయి. ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా సీటు పూర్తిగా ఒకరికే పోతుంది గనుక సీట్లు అలా తగ్గాయి, మనుషులు అంతగా తగ్గలేదు. ఆదివారం మన మందిరంలో ఒక చాప మీద ఐదుగురు కూర్చుంటే, అందులో ఇద్దరు ఆ నవ్వే మీమ్‌లో ఉన్నట్టు లెక్క.

మన పాత రెండు జిల్లాలే చూడండి. శ్రీకాకుళంలో 10, విజయనగరంలో 9, మొత్తం 19 స్థానాలు. 2019లో 17 ఒకవైపు వెళ్లాయి. 2024లో 19కి 19 అవతలివైపు వెళ్లాయి. మనుషులు చాలావరకు వాళ్లే, ఊళ్లు అవే. ఓటు వేసినవారు గొర్రెలని ఒక బొమ్మ అంటే, అదే చేతులు ఐదేళ్ల తేడాలో గొర్రెలూ అయ్యాయి, జ్ఞానులూ అయ్యాయి. అది వారి తెలివిని కొలిచిన మాట కాదు. మనకు నచ్చినట్టు వేశారా లేదా అన్నదే కొలిచిన మాట.

"గొర్రె" అన్న మాట మనకు కొత్త కాదు. మనల్ని గొర్రెబిడ్డలని ఎగతాళి చేస్తే నొప్పి పడతాం. మన కాపరి మనల్ని ప్రేమతో పిలిచిన పేరును తిట్టుగా మార్చారని బాధపడతాం. అదే మాటను మన యౌవనస్థులు వేరొకరి మీదికి విసరడం ఏ న్యాయం?

మా సంఘంలో ఒక పెద్దావిడ ఉన్నారు, వితంతువు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాము. హైదరాబాదులో పనిచేసే ఆమె మనవడు కుటుంబ గ్రూపులో ఒక మీమ్ పెట్టాడు. పింఛనుకు అమ్ముడుపోయిన గొర్రెలని దాని మీద ఉంది. ఆమెకు చదువు రాదు. పక్కింటి పిల్ల నవ్వుతూ చదివి వినిపించింది. తర్వాతి ఆదివారం ఆమె ప్రభువు బల్ల దగ్గరికి రాలేదు. మేము ఇంటికి వెళ్తే, "నాకు ఎవులూ పైసా ఇవ్వలేదు అయ్యగారూ. నా ఓటు నానేసుకున్నాను" అన్నారు. పింఛను తీసుకోవడమే అమ్ముడుపోవడమైతే, ఏ ప్రభుత్వం వచ్చినా తీసుకునే మన ముసలివారంతా ప్రతి ఐదేళ్లకూ అమ్ముడుపోతున్నట్టే కదా. మూడు వేల పింఛను నాలుగు వేలయింది, దాన్ని రెండు పక్షాల ఇళ్లలోనూ తీసుకుంటున్నారు. మనవడు ఫోన్ చేసి, "మామ్మా, నిన్ను అనలేదే" అన్నాడట. "మరెవుల్ని అన్నావురా?" అని ఆమె అడిగారు. అతని దగ్గర జవాబు లేదు. ఆ బొమ్మ తయారుచేసిన వారి దగ్గరా ఉండదు.

సరదాకే కదా అని కొందరు అంటారు. పొరుగువాణ్ణి మోసగించి నవ్వులాటకు చేశాననేవాడు కొరవులు విసిరే వెర్రివానితో సమానమని సామెతలు 26వ అధ్యాయం చెబుతుంది. ఏలీయా కూడా ఎగతాళి చేశాడు కదా అని మరికొందరు అంటారు. చేశాడు. బయలును ఎగతాళి చేశాడు. కానీ రెండు తలంపుల మధ్య తడబడుతున్న ప్రజలవైపు తిరిగి, తన దగ్గరికి రమ్మని పిలిచాడు (1 రాజులు 18). మీమ్ అలా దగ్గరికి పిలవదు, దూరం తరుముతుంది.

నాయకులను ప్రశ్నించవద్దని మేము చెప్పడం లేదు. రోడ్డు ఎందుకు వేయలేదో అడగండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లకు మంచినీళ్లు ఎంతవరకు వచ్చాయో అడగండి. మన పిల్లలు ఇంకా ఎందుకు వలస పోతున్నారో అడగండి. ఈ ప్రశ్నల్లో ఒక్కటైనా ఆ బొమ్మల్లో కనబడుతుందేమో చూడండి.

సిలువ దగ్గర మత్తయి 27లో యాజకులు, శాస్త్రులు ఏమని హేళన చేశారు? ఇతరులను రక్షించాడన్నారు. అది నిజం. తనను తాను రక్షించుకోలేడన్నారు. అది అబద్ధం, ఎందుకంటే దిగలేక కాదు, మనకోసం దిగలేదు గనుక అక్కడ ఉన్నాడు. ముందు ఒక నిజం, వెంటనే ఒక తప్పుడు తీర్పు, మధ్యలో నవ్వు. మన ప్రభువు ఆ నవ్వు కింద నిలబడినవాడు. ఆయన బిడ్డలమైన మనం ఎటువైపు నిలబడాలో వేరే చెప్పాలా? అబద్ధ సాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞ, నిజమైన అంకెతో చెప్పే అబద్ధానికి కూడా వర్తిస్తుంది.

పంచాయతీ ఎన్నికలు వచ్చినప్పుడు పోటీ చేసేది టీవీలో కనబడే మనిషి కాదు, మన వీధి మనిషి. కాబట్టి ఈ వారం నుండే ఒక అలవాటు చేసుకుందాం. ఏదైనా బొమ్మ పంపే ముందు, ఆ పార్టీకి ఓటేసిన ఒక విశ్వాసిని తలచుకుందాం. వారి ఇంటి అరుగు మీద కూర్చొని, వారి ముఖం చూస్తూ దాన్ని పైకి చదవగలమా? చదవలేకపోతే చెరిపేద్దాం. ఇప్పటికే ఎవరైనా నొచ్చుకొని ఉంటే, వచ్చే బల్ల ఆరాధనకు ముందే వెళ్లి సమాధానపడదాం.

పరలోకపు తండ్రీ, మా నాలుకతో పాటు మా వేళ్లకు కూడా కావలి ఉంచుము. నీ మందలో ఎవరినీ మేము తక్కువగా చూడకుండునట్లు కృప దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము, ఆమేన్.