బంగళా వాన

చీపురుపల్లిలో బోరు మోటార్లు బాగుచేసే ఓ షాపు వెనక చిన్న రేకుల షెడ్డుంది. తలుపు తీయగానే పాత గ్రీజు వాసన గుప్పుమంటుంది. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక చూస్తే గోడ నిండా మేకులు, మేకు మేకుకూ ఓ ఇత్తడి వస్తువు. కొన్నింటికి రెండు చేతులు, కొన్నింటికి మూడు. కొన్ని గిన్నె మూతల్లా ఉంటాయి, ఇంకొన్ని పిట్ట ముక్కుల్లా. కొత్తగా వచ్చినవాళ్లు ఏ గుళ్లో సామానో అనుకుంటారు. కాదు... అవన్నీ స్ప్రింక్లర్లు! ఒకప్పుడు ఎవరి పచ్చిక మీదో, ఎవరి వేరుసెనగ చేలోనో గిరగిరా తిరిగి నీళ్లు చిమ్మి, ఆ తరవాత తుక్కు కింద తూకానికి వెళ్లినవి.

వాటిని పోగుచేసిన పెద్దాయనకు డెబ్భై దాటాయి. నలభై ఏళ్లు మోటార్లకు వైండింగులు కట్టి, బోర్లలోంచి పైపులు పీకి, చేతులు కాయలు కట్టించుకున్న మనిషి. ఇప్పుడు షాపు కొడుకు చూసుకుంటున్నాడు. షెడ్డు మాత్రం ఆయనదే. తాళంచెవి మొలతాడుకు ఉంటుంది.

నెలకోసారి రాజామో, బొబ్బిలో, విజయనగరమో వెళ్లి పాత ఇనప సామాన్ల కొట్లు తిరిగొస్తాడు. కొట్లవాళ్లందరికీ ఆయన తెలుసు. మొదట్లో కిలో లెక్కన ఇచ్చేవాళ్లు. ముసలాయన వాటి కోసమే వస్తున్నాడని తెలిశాక ‘పీసు రేటు’ మొదలెట్టారు. ‘‘ఇదేటి మావా, ఈ ముక్క కోసం ఇంత ఎండలో పడి వచ్చీసినావా?’’ అంటూనే యాభై పెంచుతారు. ఆయన బేరమాడడు. ఆ సంగతీ వాళ్లకు తెలిసిపోయింది.

ఇంట్లో మాత్రం భార్య ఊరుకోదు. ‘‘పెళ్లినాటి ఇత్తడి బిందెలమ్మేసి స్టీలువి కొన్నాం. ఈయనేమో ఇత్తడి కొంటన్నాడు’’ అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. నిజమే కదా! ఆమె రోజూ తెల్లారుజామునే చిన్న బకెట్టు పట్టుకుని వాకిట్లో కల్లాపి చల్లుతుంది. మణికట్టు ఓసారి తిప్పితే చాలు, అర్ధచంద్రాకారంలో ఎక్కడా గుంట కట్టకుండా నీళ్లు పరుచుకుంటాయి. నాజిల్ అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. ‘ఇంత బాగా చల్లే మిషను నీ దగ్గరుందా?’ అని ఆవిడ అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు.

గోడ మీద ఎక్కువగా ఉన్నవి పొలాల్లోంచి వచ్చిన సుత్తి స్ప్రింక్లర్లు. టిక్ టిక్ టిక్ మని చప్పుడు చేస్తాయే, అవి. నీటిధార ముక్కులోంచి దూసుకొచ్చి చిన్న గరిటెలాంటి చేతిని కొడుతుంది. చెయ్యి పక్కకు పోతుంది. స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. వెనక్కొచ్చి అది వేసే సుత్తి దెబ్బకు మొత్తం తల ఓ పిసరు తిరుగుతుంది. అంతే కిటుకు. అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన ఆర్టన్ ఎంగిల్‌హార్ట్ అనే ఆయన 1933లో కనిపెట్టాడు దీన్ని. రెండేళ్లకు పేటెంటు వచ్చింది. ఆ చప్పుడు చీపురుపల్లి ఎర్రమట్టి చేలదాకా రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మసేద్యం పథకం మొదలుపెట్టాక రాయితీ మీద బిందుసేద్యం, తుంపరసేద్యం సామాను వచ్చింది. ప్లాస్టిక్ తలలూ వచ్చాయి. పాత ఇత్తడి తలలు ఒక్కొక్కటే తుక్కుబండి ఎక్కాయి. ఆయన గోడ నిండింది ఆ రోజుల్లోనే.

కానీ ఆయన వెతికేది వాటిని కాదు. ఆయనకు కావలసింది మూడు చేతులది. పోత ఇనుప దిమ్మ మీద, ఇత్తడి చేతులు చాపుకుని తిరిగేది. ఇంకా చెప్పాలంటే... ఒక చేతికి మూత లేనిది.

ఆ కథ తెలియాలంటే 1964 వేసవికి వెళ్లాలి. అప్పటికి చీపురుపల్లి శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో కదా! చుట్టూ మాంగనీసు గనులు. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది ఈ విజయనగరం ప్రాంతంలోనే. గనులున్నచోట దొరల బంగళాలుంటాయి. అలాంటి ఒక బంగళాలో ఆయన తండ్రి తోటమాలి.

బంగళా ముందు పచ్చిక. దాని మధ్యలో మూడు చేతుల ఇత్తడి స్ప్రింక్లరు. పొద్దునా సాయంత్రం రబ్బరు గొట్టం తగిలించి, అరగంటకోసారి దాన్ని చోటు మార్చడం తండ్రి పని. పదేళ్ల కొడుకు వెంట వెళ్లి గొట్టం మెలికపడకుండా పట్టుకునేవాడు. మే నెల ఎండలో, చుట్టూ నేల నెర్రెలిచ్చి ఉండగా ఆ ఒక్క చోట వాన! ఎండ పడితే అందులో ఇంద్రధనుస్సు. అదే సమయానికి ఆయన తల్లి నెత్తిన బిందె మీద బిందె పెట్టుకుని ఊరవతల నూతి నుంచి నడిచొస్తుండేది. నుయ్యి అడుగంటితే అక్కడే కూర్చుని, ఊట ఊరేదాకా ఆగేది. ఇంటికి రెండు బిందెలు. అందులోనే తాగడం, వండడం, నలుగురి స్నానాలు. తండ్రి సాయంత్రం ఇంటికొస్తే ఆయన పంచె మోకాళ్లదాకా తడిసి ఉండేది. పిల్లలు ఆ తడిగుడ్డకు మొహం ఆనించుకుని పడుకునేవాళ్లు. దాన్ని తలచుకుని పెద్దాయన ఏమీ కోప్పడడు. ‘‘సల్లగా ఉండేది’’ అంటాడు, అంతే.

ఓ మధ్యాహ్నం తండ్రి అన్నానికి వెళ్లినప్పుడు పిల్లాడు ఒక చేతి చివరి మూతను తిప్పి ఊడదీశాడు. గోలీ అంత ఇత్తడి. ఊళ్లో తిరిగే జీళ్లవాడికి ఇస్తే దోసిట్లో సగం జీళ్లు పోశాడు. అప్పతో కలిసి తినేశాడు. అంతే జరిగింది.

సాయంత్రం స్ప్రింక్లరు కుంటింది. రెండు చేతులు తుంపర చల్లుతుంటే మూడోది ధారగా కక్కింది. తిరగాల్సినంత తిరగలేదు. ఎందుకు కుంటిందో ఆయనకు పాతికేళ్లు వచ్చి, పంపుల పని నేర్చాకగాని అర్థం కాలేదు. మూతకు బెజ్జం పక్కకు ఉంటుంది. నీళ్లు ఒక పక్కకు పోతుంటే చెయ్యి రెండో పక్కకు నెట్టుకుంటుంది. మూత లేకపోతే నీళ్లు తిన్నగా బయటికి పోతాయి, తిప్పే బలం ఇవ్వవు. పైగా ఒత్తిడంతా ఆ చిల్లులోంచే జారిపోయి మిగతా రెండు చేతులూ నీరసపడతాయి.

తండ్రి జీతంలో మూడు రూపాయలు కోసేశారు. అది కాదు ఆయన్ని తొలిచేది. ‘‘గడ్డిలో ఎక్కడో పడుంటాది’’ అని తండ్రి మూడు సాయంత్రాలు మోకాళ్ల మీద పాకుతూ ఆ పచ్చికంతా వేళ్లతో దువ్వి వెతికాడు. పక్కనే కొడుకూ వెతికాడు. వెతుకుతున్నట్టు నటించాడు. మూడోరోజు తండ్రే, ‘‘పోన్లేరా, కళ్లు నొప్పెడతాయి’’ అని లేపి ఇంటికి తీసుకెళ్లాడు.

ఆ మాట చెప్పేద్దామని చాలాసార్లు అనుకున్నాడట. పెళ్లయ్యాక, షాపు పెట్టాక, పిల్లలు పుట్టాక. 1991లో తండ్రి పోయాడు. ఆ తరవాత రెండేళ్లకు, తుక్కు కొట్లో మొదటిసారి ఇలాంటి ఇత్తడి చెయ్యి కనిపిస్తే తెచ్చి గోడకు తగిలించాడు. అలా మొదలైంది. చాలా ఏళ్లకు అప్ప దగ్గర నోరు విప్పితే ఆవిడ నవ్విందట. ‘‘నాన్నకు తెలీదేటి? పళ్లనిండా జీళ్లు అంటుకుని ఉంటే మనకి ఎవులు కొన్నారనుకున్నాడు మరి?’’ ఆ మాటతో ఆయనకు మనసు తేలికపడిందో, ఇంకా బరువెక్కిందో తేలలేదు. వెతకడం మాత్రం మానలేదు.

ఇంజినీరింగు చదివే మనవరాలు అమెరికాలోని ఇలాంటి పిచ్చివాళ్ల ఫొటోలు ఫోన్లో చూపించింది. అక్కడ ట్రాక్టరు ఆకారంలో పోత ఇనుప స్ప్రింక్లర్లున్నాయి. గొట్టం పరిచిన దారివెంట నీటి బలంతోనే వాటంతటవే నడుచుకుంటూ వెళ్తాయి. పెద్దాయన నోరు తెరుచుకుని చూశాడు. ‘‘సరే తాతా, ఇది నీళ్లు చిమ్మితే ఇటు తిరుగుతుంది. నీళ్లలో ముంచి, లోపలికి పీలిస్తే ఎటు తిరుగుతుంది?’’ అనడిగింది ఆ పిల్ల. అది ఫైన్‌మన్ లాంటి భౌతికశాస్త్రవేత్తను కూడా చాలాకాలం వేధించిన ప్రశ్నే. అంతకుముందు 1883లోనే ఎర్నెస్ట్ మాక్ దాని గురించి రాశాడు. 2024లో న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్లు ప్రయోగంచేసి, రెండోవైపుకే తిరుగుతుందిగానీ దాదాపు యాభై రెట్లు నెమ్మదిగా అని తేల్చారు. పెద్దాయన మాత్రం ఇంకోలా ఆలోచించాడు: ‘‘పీల్చడం ఎందుకమ్మా, ఉన్న నీళ్లు చల్లుకోక.’’

మార్చిలో, కనకమహాలక్ష్మి అమ్మవారి జాతర హడావుడిలో ఊరుండగా బొబ్బిలి నుంచి ఫోనొచ్చింది. ‘‘మావా, మూడు చేతులది వచ్చింది. ఒక మూత నేదు, ఏటి సేద్దాం?’’ ఆయన రేటు అడగలేదు. చొక్కా తొడుక్కుని బస్సెక్కేశాడు.

ఆ బంగళాదే అనడానికి గుర్తులేవీ లేవు. దిమ్మ మీద ఇంగ్లిషు అక్షరాలు అరిగిపోయాయి. అప్పట్లో ఎలాగూ ఆయనకు అవి చదవడం రాదు. పోయిన మూత కూడా అదే చేతిదో కాదో... మూడు చేతులూ ఒకలాగే ఉన్నప్పుడు ఎలా తెలుస్తుంది? కొడుకు చూసి, ‘‘లేతు మీద పావుగంటలో మూత తిప్పించేస్తా నాన్నా’’ అన్నాడు. ‘‘ఉండనీ, ఇప్పుడే కాదు’’ అన్నాడాయన.

మనవరాలు మాత్రం తిరగడం చూడాల్సిందేనంది. మొదట డాబా మీది ట్యాంకుకు తగిలించారు. కదల్లేదు. పది మీటర్ల ఎత్తు నీళ్లుంటే ఒక కిలో ఒత్తిడి. ఇంటి ట్యాంకుది అందులో సగమన్నా ఉండదు. పొలం స్ప్రింక్లర్లకైతే రెండు నుంచి నాలుగు కిలోలు కావాలి. చివరికి షాపులోంచి అర హార్స్‌పవర్ మోటారు మోసుకొచ్చారు. స్విచ్చి వేయగానే ఇత్తడి చేతులు ఒక్క క్షణం తటపటాయించి, కుంటుకుంటూ తిరగడం మొదలెట్టాయి. రెండు తుంపరలు, ఒక ధార. పెద్దాయన అరుగు దిగి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, ఆ నీళ్లలోకి వెళ్లి నిలబడ్డాడు. పంచె మోకాళ్లదాకా తడిసింది.

‘‘నా వడియాలు!’’ అంటూ భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మనవరాలు మోటారు ఆపేసింది. మొత్తం ఐదు నిమిషాలు కూడా తిరగలేదు. ఆయన కాసేపు అక్కడే నిలబడి, వంగి, అరటిచెట్టు మొదట్లో తడిసిన మట్టిని వేళ్లతో దువ్వి చూశాడు.