నలువదవ పాలు

బాలురకు దానము నేర్పుట సులభము. దానగర్వము మాన్పుట కష్టము. ఇస్లాము జకాతు లెక్కతో నీ రెంటిని సాధింపఁ జూచినది. 200 దిర్హముల వెండిగాని, తత్సమమైన పైకముగాని యొక చాంద్రసంవత్సరము తనయొద్ద నిలిచినచో, నందు నలువదవ పాలు పేదలు మొదలగు నెనిమిది తెగలవారికిఁ జెల్లింపవలెను.

మా తరగతిలో 400 దిర్హములకెంత యని మేమడిగినచో, బాలురు తడుముకొనక 10 అని చెప్పుదురు. ఆ 10 యెవరి వని యడిగినప్పుడే పాఠ మారంభమగును. ధనమునకు స్వామి యీశ్వరుఁడు. మనుష్యుఁడు ధర్మకర్త మాత్రమే. కలవారి సొమ్ములో లేనివారికి హక్కు కలదని ఖురాను చెప్పుచున్నది. కావున జకాతు నిచ్చువాఁడు దాత కాఁడు, బాకీ తీర్చువాఁడు. పుచ్చుకొనువాఁడు యాచకుఁడు కాఁడు, హక్కుదారు. మనసు కొలఁది నిచ్చు సదకా వేఱు.

బడిలో నీ యిరువురి బిడ్డలు నొకే బల్లపైఁ గూర్చుందురు. ఈ లెక్క చక్కఁగఁ దెలిసినచో నొకనికి గర్వమును, వేఱొకనికి సిగ్గును ఉండవు.