బిలంలో నీళ్లు

కిష్కింధకాండ పాఠం చెప్పేటప్పుడు తడిరెక్కల పక్షుల దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను. సీతమ్మను వెదుకుతూ వానరులు నీరులేని చోట దప్పికతో తిరుగుతుంటారు. ఒక బిలంలోనుంచి తడిసిన పక్షులు పైకి వస్తాయి. లోపల నీళ్లున్నాయని గ్రహించి, ఒకరినొకరు పట్టుకుని ఆ చీకటిలోకి దిగుతారు. ఇరవై ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను గాని, నిజమైన బిలంలో ఏనాడూ కాలు పెట్టలేదు. నిరుడు వేసవిలో పెట్టాను. తోడు మా పెద్దన్న.

ఆయన సంగతి కొంత చెప్పాలి. మాది ఇబ్రహీంపట్నం దగ్గరి పల్లె. పెద్ద చెరువు ఎండిపోయిన ఏళ్లలో ఆయన ఉన్న మూడెకరాలలో ఐదు బోర్లు వేయించాడు. ఐదింటిలోనూ దుమ్మే లేచింది. ఆరోదానికి నన్ను అప్పడిగాడు. నా దగ్గర లేదన్నాను. ఎకరం అమ్మి అదీ వేయించాడు, అదీ ఎండిందే. ఆనాటి నుంచి మా మధ్య మాటలు పెళ్లిపత్రికలకూ, ఆరోగ్యాలకూ మాత్రమే పనికివచ్చాయి. సెలవుల్లో బెలుం గుహలు చూడబోతున్నానంటే వదినె, "మీ అన్నను గూడ తోల్కపో" అన్నది. ఆయన తువ్వాల భుజాన వేసుకుని మారుమాట లేకుండా బయలుదేరాడు.

బనగానపల్లె దాటి కొలిమిగుండ్ల వైపు పోతుంటే ఎండ నిప్పులు చెరుగుతున్నది. ఎడారి అనలేము గాని, ఆ ఏప్రిల్ మధ్యాహ్నం అంతకు తక్కువా కాదు. ఎటు చూచినా నాపరాళ్లు, పంట కోసిన బీళ్లు. గుహలంటే కొండ ఉంటుందనుకున్నాను. కొండ లేదు. చదునైన నేలలో బావిలాంటి గొయ్యి, దానిలోకి మెట్లు, అంతే. బిలమన్న మాటే బెలుం అయిందట.

1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వీటిని గురించి వ్రాశాడు. 1982, 83లలో జర్మన్ బృందం ఒకటి లోపల కొలతలు తీసింది. మొత్తం 3,229 మీటర్లు. అందులో కిలోమీటరున్నర దాకా దీపాలు పెట్టి, గాలి పంపే ఏర్పాటు చేసి, 2002లో జనానికి తెరిచారు. అంతకు మునుపు కొన్నాళ్లు చుట్టుపక్కలవారికి అది చెత్త పారవేసే గొయ్యి!

లోపల చల్లగా ఉంటుందనుకుంటే పొరపాటు. ఉక్కపోతకు చొక్కా ఒంటికి అంటుకుపోయింది. కోటిలింగాల దగ్గర పైనుంచి వేలాడే రాళ్లను చూచి అన్న దండం పెట్టాడు. ఇరుకుదారిలో నేను తడబడితే వెనక్కు తిరగకుండానే చెయ్యి చాపాడు. చిన్నప్పుడు చెరువుకట్ట మీద పట్టుకున్న చెయ్యి.

అన్నిటికంటె లోతున పాతాళగంగ. పైనేల నుంచి సుమారు 150 అడుగులు. చిన్న ధార రాళ్ల సందులోకి జారి మాయమవుతున్నది. బెలుం ఊరి బావికి చేరుతుందని అక్కడివారి నమ్మకం. అన్న వంగి చాలాసేపు చూశాడు.

"నూటయాభై అడుగులే తమ్మీ! నేను ఆరువందలు పోయించిన."

"ఇది సున్నపురాయి అన్నా. నీళ్లు దీన్ని వేలయేండ్లు కరిగించి దారులు చేసుకున్నాయి. మనది గట్టి రాయి, కరగదు. పగుళ్లలో ఉంటేనే నీళ్లు. నీ తప్పేం లేదు."

ఆయన మాట్లాడలేదు. ఇన్నేళ్లుగా గొంతులో ఉన్నది ఆ చీకటిలో బయటికి వచ్చింది. "ఆనాడు నా దగ్గర పైసలున్నయి అన్నా. లేవని అబద్ధమాడిన."

"నాకెరుకే" అన్నాడు, నీళ్ల మీదనుంచి చూపు తీయకుండానే. కొంచెమాగి, "ఇచ్చుంటే అవి గూడ రాయిలనే పోవు. లేవు అనకుండ, ఇయ్యను అంటె అయిపోవు" అన్నాడు.

మెట్లెక్కి పైకి వచ్చేసరికి ఇద్దరమూ నిలువునా తడిసి ఉన్నాము. తువ్వాలతో తాను ముఖం తుడుచుకుని నాకిచ్చాడు.

ఈ ఏడు మళ్లీ ఆ పాఠం వచ్చింది. పక్షుల దగ్గర ఎప్పటిలాగే ఆగాను. వానరులు ఒకరినొకరు పట్టుకున్న చోట ఇంకా కొంచెం ఎక్కువసేపు ఆగాను. పిల్లలు గమనించారో లేదో తెలియదు.