సియోల్‌లోని తాప్గొల్ పార్కు

దక్షిణ కొరియా రాజధాని సియోల్ నడిబొడ్డున తాప్గొల్ పార్కు ఉన్నది. పూర్వం దానిని పగోడా పార్కు అనేవారు. నెమ్మదిగా నడిచినా కొద్దిసేపటిలోనే చుట్టి రావచ్చు. 1467 నాటి పది అంతస్తుల పాలరాతి బౌద్ధ స్తూపం, ఎనిమిది మూలల మండపం అందులో చూచాను.

1910లో జపాను కొరియాను తనలో కలుపుకొన్నది. 1919 మార్చి 1న ఈ మండపం దగ్గర ఒక యువకుడు స్వాతంత్ర్య ప్రకటనను బిగ్గరగా చదివాడు. చేత ఆయుధం లేని జనం "మాన్సే" అని జయధ్వానాలు చేస్తూ వీధులలోనికి నడిచారు.

ఆ ప్రకటనపై సంతకాలు చేసిన పెద్దలు 33 మంది. వారిలో 16 మంది క్రైస్తవులు, 15 మంది చొందొగ్యొ అనే ఆ దేశపు మతమువారు, ఇద్దరు బౌద్ధులు. అప్పటికి కొరియాలో క్రైస్తవులు బహు కొద్దిమంది. అయినను దేశము కొరకు ఇతర మతములవారి ప్రక్కన తమ పేరు వ్రాయుటకు వారు వెనుదీయలేదు. రక్తపాతమునకు భయపడి ఆ పెద్దలలో ఎక్కువమంది పార్కుకు రాక, దగ్గరలోని భోజనశాలలో సమకూడి, అక్కడే అరెస్టయ్యారు.

అయితే ప్రియ పాఠకులారా, మిక్కిలి గొప్ప వెల చెల్లించినది పల్లెటూరివారు. ఏప్రిల్ 15న జెయామ్‌రి గ్రామంలో జపాను సైనికులు మగవారిని మెథడిస్టు మందిరంలోనికి పిలిపించి, తలుపులు మూసి, కాల్పులు జరిపి, నిప్పు పెట్టారు. ఆ రోజు సుమారు ముప్పది మంది చనిపోయారు. కాలు అవిటిదైన కెనడా మిషనరీ ఫ్రాంక్ స్కోఫీల్డ్ అక్కడికి వెళ్లి, ఫొటోలు తీసి, ఆ సంగతిని లోకమునకు తెలియజేశాడు.

1945లో కొరియాకు విడుదల కలిగినది. తాప్గొల్ పార్కును చూచినవారు జెయామ్‌రిని కూడా జ్ఞాపకము చేసికొనవలెను. ప్రకటన చదివిన చోటు ఇది. దానికి ప్రాణమిచ్చిన చోటు అది.